తాళం మార్చారు సరే... ఇల్లు వెతికారా?

మొన్నామధ్య మా అత్తయ్యకో ఫోనొచ్చింది.

'నమస్తే అమ్మా! మీ మంచినీళ్ల ఫిల్టరు సర్వీసు గడువు వచ్చేవారంతో అయిపోతోంది. ఇవాళే కట్టేస్తే సగం ధరకే ఇస్తాం' అన్నాడు అవతలి కుర్రాడు. ఆవిడ ముందు అనుమానపడింది. అప్పుడతను ఫిల్టరు మోడల్ చెప్పాడు. కొన్న నెల చెప్పాడు. మెకానిక్కు చివరిసారి ఎప్పుడొచ్చాడో చెప్పాడు. 'రామాలయం వెనక సందులో, మేడ మీద ఇల్లే కదమ్మా' అని కూడా అన్నాడు. ఇంకేముంది, కంపెనీ మనిషే అనుకుంది. అతను పంపిన లింకు నొక్కి రెండువేల నాలుగొందలు కట్టేసింది.

మర్నాడు మెకానిక్కు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగోరోజు బిల్లు మీదున్న నంబరుకి చేస్తే 'మేమెవరం మీకు ఫోన్ చెయ్యలేదమ్మా' అన్నారు.

డబ్బు పోవడం ఒక బాధ. ఆ సంగతి మాతో చెప్పడానికి ఆవిడకి పదిరోజులు పట్టడం ఇంకో బాధ. 'ఏమని చెప్పను? ముప్ఫయ్యేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. నేనే మోసపోయానంటే నలుగురూ నవ్వరూ?' అంది.

ఆవిణ్ని అందరం ఓదార్చాం. నన్ను మాత్రం వేరే ప్రశ్న తొలిచేసింది. మా ఇంటి సంగతులన్నీ ఆ కుర్రాడికి ఎలా తెలిశాయి? కంపెనీకి ఫోన్ చేసి అదే అడిగాను. 'మా దగ్గర్నుంచి బయటికి పోయే అవకాశమే లేదు మేడమ్' అన్నారు. 'వెతికి చూశారా?' అన్నాను. జవాబు లేదు.

మా చిన్నాన్న కొడుకు మాదాపూర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. విదేశీ కంపెనీల కంప్యూటర్లకు కాపలా కాసే పని. వాడి దగ్గర ఈ గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని 'అక్కా, వాళ్ల దగ్గర్నుంచే పోయిందని మనం చెప్పలేం. డీలరు దగ్గరో, మెకానిక్కు ఫోన్లోంచో, ఎక్కణ్నుంచైనా పోయుండొచ్చు. కానీ వెతికి చూశారా అని అడిగావు చూడు, అదీ అసలు ప్రశ్న. మా వృత్తిలో పెద్దపెద్దవాళ్లు తడబడేది అక్కడే' అన్నాడు. ఆ మాట మీదే నాకో కథ చెప్పాడు. అది మీతోనూ పంచుకోవాలనిపించింది.

కొట్టు చిట్టా... కంప్యూటర్ చిట్టా

కథలోకి వెళ్లేముందు చిన్న ఉపోద్ఘాతం. ఒకప్పుడు మన వీధి కిరాణా కొట్టాయన దగ్గర ఓ పొడుగాటి చిట్టా పుస్తకం ఉండేది. ఎవరింటికి ఏ బియ్యం వెళ్తాయి, ఎవరు ఒకటో తారీఖున కడతారు, ఎవరు పదో తారీఖు దాకా లాగుతారు, ఎవరింట్లో పెళ్లి ఉంది... అన్నీ అందులోనూ ఆయన బుర్రలోనూ భద్రం. రాత్రి కొట్టు కట్టేటప్పుడు గల్లాపెట్టెతోపాటు ఆ పుస్తకాన్నీ ఇంటికి పట్టుకెళ్లేవాడు. దాని విలువ ఆయనకి తెలుసు.

లక్షలమంది ఖాతాదారులున్న కంపెనీలు అదే పని కంప్యూటర్‌తో చేయిస్తాయి. అందుకోసం తయారైన సాఫ్ట్‌వేర్‌ని 'సీఆర్‌ఎం' అంటారు. మీ పేరు, ఫోన్ నంబరు, చిరునామా, ఏం కొన్నారు, ఎప్పుడు ఫిర్యాదు చేశారు, ఫోన్లో ఎంత కోపంగా మాట్లాడారు... అన్నీ అందులో ఉంటాయి. మీరు కస్టమర్‌కేర్‌కి ఫోన్ చేయగానే 'చెప్పండి లక్ష్మిగారూ' అని అవతలివాళ్లు పేరు పెట్టి పిలిచేది దాన్ని చూసే.

ఆ చిట్టా ఉన్న గదికి కన్నం పడితే?

పండగ సెలవుల్లో...

అలాంటి సాఫ్ట్‌వేర్లు తయారుచేసే సంస్థల్లో 'షుగర్‌సీఆర్‌ఎం' ఒకటి. 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైంది. వివిధ దేశాల్లో కంపెనీలు దాన్ని వాడుతున్నాయి.

2022 డిసెంబరు 28. క్రిస్మస్ అయిపోయి కొత్త సంవత్సరం రాబోతోంది. అక్కడి ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీ. సరిగ్గా ఆ రోజు, ఈ సాఫ్ట్‌వేర్‌లో ఓ లోపముందనీ దాన్ని ఎలా వాడుకోవాలో ఇదిగో అనీ ఎవరో నెట్‌లో బాహాటంగా పెట్టేశారు. లోపం కనిపెట్టినవాళ్లు మామూలుగా ముందు తయారీదారుకి చెబుతారు. సరిచేసేందుకు గడువిచ్చి, ఆ తర్వాతే లోకానికి చెబుతారు. ఇక్కడలా జరగలేదు. తయారీదారు దగ్గర మందు లేకముందే రోగం వీధిలోకొచ్చేసింది. ఇలాంటి లోపాల్ని ఆ రంగంలో 'జీరో డే' అంటారు. సరిచేసుకోవడానికి చేతిలో ఒక్కరోజు కూడా లేదని దానర్థం.

ఇంతకీ ఏమిటా లోపం? గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడనుకోండి. వచ్చినవాళ్లని పేరడిగి, గుర్తింపు కార్డు చూసి లోపలికెళ్లే చీటీ ఇవ్వాలి. ఒక పద్ధతిలో అడిగితే మాత్రం కార్డు చూడకుండానే చీటీ చేతిలో పెట్టేస్తున్నాడు. ఆ చీటీతో దొంగ లోపలికెళ్లి ఓ చిన్న బొమ్మ ఫైలు పెట్టేవాడు. పైకి మామూలు బొమ్మే. దాని కడుపులో మాత్రం కంప్యూటర్‌కి ఆజ్ఞలిచ్చే రాతలు. తర్వాత ఆ బొమ్మని తెరవమని బయట్నుంచి ఒక్క కబురు పంపితే చాలు, కంప్యూటర్ దొంగ చెప్పినట్టల్లా ఆడుతుంది. లోపలికొచ్చే సరుకుని సరిగ్గా తనిఖీ చెయ్యకపోవడమే ఇంత పని చేసింది.

2023 జనవరి 5న కంపెనీ లోపాన్ని ఒప్పుకుంటూ దాన్ని పూడ్చే 'హాట్‌ఫిక్స్' విడుదల చేసింది. అంటే హడావుడిగా వేసే అతుకన్నమాట. తమ సొంత క్లౌడ్‌లో ఉన్నవాళ్లందరికీ అప్పటికే వేసేశామని చెప్పింది. తమ ఆఫీసు కంప్యూటర్లలోనో మరోచోటో పెట్టుకుని నడుపుకొంటున్నవాళ్లు మాత్రం వెంటనే ఎవరికి వారే వేసుకోవాలంది.

తేడా అర్థమైంది కదూ? అపార్ట్‌మెంట్ గేటు తాళం పాడైతే అసోసియేషన్ వాళ్లు మారుస్తారు. సొంతిల్లయితే మనమే మార్చుకోవాలి. ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా ఆ తాళం అలాగే ఉంటుంది.

నెట్‌లో బయటికి కనిపించే కంప్యూటర్లను లెక్కపెట్టే 'సెన్సిస్' అనే సంస్థ ఈ సాఫ్ట్‌వేర్ నడుస్తున్నవాటిని చూసింది. మొత్తం 3,059 కనిపించాయి. జనవరి 11 నాటికి వాటిలో 354 చోట్ల దొంగ పెట్టిన ఆనవాళ్లు దొరికాయి. అంటే దాదాపు ప్రతి వందలో పన్నెండు! ఫిబ్రవరి 2న అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 'సీసా' కూడా దొంగలు వాడుతున్న లోపాల జాబితాలో దీన్ని చేర్చి, అక్కడి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలన్నీ ఆ నెల 23లోగా సరిచేసుకోవాలని గడువు పెట్టింది.

అతుకేశాం... అయిపోయిందా?

'ఇక్కడే అక్కా అందరూ పప్పులో కాలేసేది' అన్నాడు మావాడు.

లోపం బయటపడింది డిసెంబరు 28న. అతుకు వచ్చింది జనవరి 5న. మధ్యలో ఎనిమిది రోజులు తలుపు బార్లా తెరిచే ఉంది. జనవరి 6న మీరు కొత్త తాళం వేశారనుకోండి. ఆ తాళం కొత్తగా వచ్చే దొంగని ఆపుతుంది. మరి జనవరి 2నే లోపలికొచ్చి అటకెక్కి కూర్చున్నవాడి సంగతి? వాణ్ని ఇంట్లో పెట్టుకునే మీరు బయట తాళం వేసినట్టు!

మావాడికి సొంత అనుభవం కూడా ఉంది. షుగర్ కాదు, వేరే సాఫ్ట్‌వేర్. ఓ దసరాకి ఊరెళ్లేందుకు బస్సు టికెట్లు తీసుకుని ఉన్నాడు. సాయంత్రం ఇలాగే ఒక హెచ్చరిక వచ్చింది. రాత్రంతా కూర్చుని అన్ని కంప్యూటర్లకీ ప్యాచ్ వేసేశారు. తెల్లారి అయిదింటికి 'హమ్మయ్య' అనుకుని బ్యాగు సర్దుకుంటుంటే వాళ్ల టీమ్ లీడరు వచ్చి నింపాదిగా అడిగిందట... 'బాగా చేశారు. ఇంతకీ లోపం బయటపడిన రోజునుంచి నిన్న రాత్రిదాకా లోపలికి ఎవరెవరొచ్చారో చూశారా?'

బస్సు వెళ్లిపోయింది. మూడురోజులు కూర్చుని ఆ వారంలో వచ్చిన ప్రతి రాకపోకనీ వరసగా చదివారు. కొత్తగా పుట్టిన ఫైళ్లు చూశారు. తెలియని పేరుతో కొత్త లాగిన్‌లేమైనా చేరాయేమో చూశారు. ఏమీ దొరకలేదు. 'దొరకలేదు కదా, దండగ పనే కదరా' అన్నాను. 'దండగెలా అవుతుందక్కా? వెతక్కముందు మాకు ఏమీ తెలీదు. వెతికాక ఏమీ లేదని తెలిసింది. రెండూ ఒకటేనా?' అన్నాడు.

నిజమే. 'మా దగ్గర్నుంచి పోయే అవకాశమే లేదు' అనడానికీ 'వెతికాం, పోలేదు' అనడానికీ మధ్య మూడు రాత్రుల నిద్ర ఉంది.

మేకుకి వేలాడే తాళాల గుత్తి

షుగర్ కథకి కొనసాగింపు ఉంది. అదే ఏడాది ఆగస్టులో 'పాలో ఆల్టో నెట్‌వర్క్స్' అనే భద్రతా సంస్థకు చెందిన పరిశోధన బృందం 'యూనిట్ 42' ఓ నివేదిక వెలువరించింది. ఈ కన్నంలోంచి దూరిన దొంగలు కొన్నిచోట్ల ఆ ఒక్క కంప్యూటర్‌తో ఆగలేదట.

కంపెనీలు కంప్యూటర్లను అమెజాన్‌లాంటి సంస్థల దగ్గర అద్దెకు తీసుకుంటాయి. ఆ అద్దె ఖాతా తెరిచే తాళంచెవులు ఈ కంప్యూటర్లోనే, దాపరికం లేకుండా మామూలు అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఇంకేం కావాలి! వాటితో దొంగలు అసలు ఖాతాలోకే వెళ్లారు. అక్కడ ఏమేం ఉన్నాయో జాబితా వేసుకున్నారు. సమాచారం దాచిన డేటాబేసులకు నకళ్లు తీశారు. కాపలా నియమాలు మార్చి కొత్త దారులు తెరుచుకున్నారు.

మన ఇళ్లలో గుమ్మం పక్కనే మేకుకి తాళాల గుత్తి వేలాడదీస్తాం చూడండి, బీరువాది, స్కూటర్‌ది, ఊళ్లో పాతింటిదీ కలిపి... అలాగన్నమాట. దొంగ దూరింది వంటింటి కిటికీలోంచి కావచ్చు. పోయేది మాత్రం వంటింట్లో గిన్నెలు కాదు.

అందుకే ఇలాంటి ప్రమాదం వచ్చినప్పుడు మూడు పనులు ఒకదాని వెంట ఒకటి జరగాలంటారు ఆ రంగంలోనివాళ్లు. కన్నం పూడ్చాలి. తలుపు తెరిచి ఉన్నన్నాళ్లూ ఎవరొచ్చారో వెతకాలి. దొంగ కంట పడి ఉండగల తాళంచెవులూ పాస్‌వర్డులూ అన్నీ మార్చెయ్యాలి. నాలుగోది ఇంకోటుంది. దాని సంగతి తర్వాత.

అతుకు చేతిలో ఉండి కూడా...

షుగర్ విషయంలో దొంగ ముందొచ్చాడు, మందు తర్వాతొచ్చింది. మందు ముందే వచ్చినా వేసుకోకపోతే ఏమవుతుందో తెలియాలంటే 2017లోకి వెళ్లాలి.

'ఈక్విఫ్యాక్స్' అమెరికాలో జనం అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ. ఆ చరిత్రలో తప్పులుంటే ఫిర్యాదు చేయడానికి దానికో వెబ్‌సైట్ ఉండేది. అది 'అపాచీ స్ట్రట్స్' అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. అందులో తీవ్రమైన లోపముందని చెబుతూ 2017 మార్చి 7నే ప్యాచ్ విడుదలైంది. రెండురోజుల్లో ఈక్విఫ్యాక్స్ లోపల మెయిలు కూడా తిరిగింది, నలభై ఎనిమిది గంటల్లో వెయ్యండి అని. వెయ్యాల్సినచోట మాత్రం వెయ్యలేదు. లోపమున్న కంప్యూటర్ ఎక్కడుందో వాళ్లు జరిపిన తనిఖీకి దొరకనే లేదు.

మే 13న దొంగలు దూరారు. 76 రోజులు లోపలే తిరిగారు. ఎవరూ చూడలేదా? చూడాల్సిన యంత్రం ఒకటుంది. దాని సర్టిఫికెట్‌కి కాలం చెల్లి అప్పటికి పందొమ్మిది నెలలు. సీసీ కెమెరా ఉంది, దానికి కరెంటు లేదు! జులై 29న ఆ సర్టిఫికెట్ కొత్తది వెయ్యగానే అనుమానాస్పద రాకపోకలు కంట పడ్డాయి. లోకానికి చెప్పింది సెప్టెంబరు 7న. దాదాపు 14.7 కోట్లమంది వివరాలు పోయాయి. ఆ నెలలోనే సీఈఓ దిగిపోవాల్సి వచ్చింది. 2019లో కుదిరిన పరిష్కారం ప్రకారం కట్టాల్సింది కనీసం 57.5 కోట్ల డాలర్లు.

ఇంత చేటు తెచ్చింది ఎవరికీ తెలియని కొత్త కన్నం కాదు, తెలిసీ పూడ్చని పాత కన్నం.

నాలుగో పని

ఇందాక నాలుగో పని ఉందన్నాను కదా... చెప్పడం!

పోయింది కంపెనీ సొమ్ము కాదు. మా అత్తయ్య ఫోన్ నంబరు, మీ ఇంటి చిరునామా. కాబట్టి పోయిందని తెలిసినప్పుడు మనకి చెప్పాలి. చెబితే మనం జాగ్రత్త పడతాం. ఆ వారంలో వచ్చే ఫోన్లని అనుమానిస్తాం. చెప్పకపోతే ఆ కుర్రాణ్ని సొంత మనిషనుకుంటాం.

మన దేశంలో ఈ విషయంలో నియమాలు గట్టిపడ్డాయి. సైబర్ ఘటన ఏదైనా దృష్టికొచ్చిన ఆరుగంటల్లో తమకు తెలపాలని కేంద్ర సంస్థ 'సెర్ట్-ఇన్' 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటి ప్రకారం వివరాలు బయటికి పోతే ఆ సంగతి సంబంధిత వ్యక్తులకి ఆలస్యం లేకుండా, తేలికైన మాటల్లో చెప్పాలి. డేటా రక్షణ బోర్డుకు వెంటనే తెలిపి, పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి. ఈ బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. చెప్పకుండా దాచిపెడితే జరిమానా రెండొందల కోట్ల రూపాయలదాకా ఉండొచ్చు.

జరిమానా సంగతి అలా ఉంచండి. కంపెనీలు ఎందుకు దాస్తాయి? మా అత్తయ్య ఎందుకు దాచిందో అందుకే. నలుగురూ నవ్వుతారని. ఆవిడ దాస్తే పోయింది ఆవిడ డబ్బు. కంపెనీ దాస్తే పోయేది మన డబ్బు. తేడా అంతే!

మన వంతు

* సర్వీసు గడువనీ రీఫండనీ ఫోనొస్తే ఎన్ని వివరాలు సరిగ్గా చెప్పినా నమ్మొద్దు. మన వివరాలు తెలిసినంత మాత్రాన మన మనిషి కాదు. పెట్టేసి, బిల్లు మీదున్న నంబరుకి మనమే చేసి కనుక్కోవాలి.

* డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమన్నాడంటే తీసుకునేది అతనే.

* డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ.

* ఇంట్లో ఎవరికైనా చిన్న వ్యాపారం ఉందా? ఖాతాదారుల వివరాలు కంప్యూటర్లో ఉన్నాయా? అయితే అప్‌డేట్లు వేసే బాధ్యత ఫలానావారిదని పేరు పెట్టండి. 'అందరూ చూస్తారులే' అంటే ఎవరూ చూడరని అర్థం. పాస్‌వర్డులు రాసిన ఫైలు అదే కంప్యూటర్లో ఉంచొద్దు. ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ ఆ రోజే తీసెయ్యండి.

* ఇల్లంతా ఊరెళ్లే పండగ రోజుల్లో ఫోన్ ఎత్తే మనిషి ఒకరుండాలి. దొంగలకి సెలవుల్లేవు.

చివరగా మా అత్తయ్య సంగతి. పదిరోజుల తర్వాత మేమే 1930కి చేసి ఫిర్యాదు రాయించాం. డబ్బు ఇంకా రాలేదు. వస్తుందన్న ఆశా పెద్దగా లేదు. కానీ ఆ ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు మీద తోటివాళ్ల దగ్గర ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎవరూ నవ్వలేదు. అందులో ఇద్దరికి అదే ఫోనొచ్చిందట, అదే సగం ధరతో. ఒకావిడ మర్నాడు కడదామనుకుంటోందట.

కట్టలేదు.

మొన్న నేను వెళ్లినప్పుడు మళ్లీ ఏదో ఫోనొచ్చింది. ఈసారి గ్యాసు పొయ్యి సర్వీసు. 'మీ పేరూ నంబరూ చెప్పు బాబూ, నేను రాసుకుని మీ ఆఫీసుకే చేస్తాను' అంది పాఠం చెప్పే గొంతుతో. అవతలివాడు ఠక్కున పెట్టేశాడు.

ఆ ఫిల్టరు కంపెనీకి నేనూ మళ్లీ ఫోన్ చేశాను. అదే ప్రశ్న అడిగాను, వెతికి చూశారా అని. 'పైవాళ్లతో మాట్లాడి చెబుతాం మేడమ్' అన్నారు.

ఎదురుచూస్తున్నాను.